బడిలో నవ్వు

కళాశాలలో పాఠము చెప్పి చెప్పి గొంతు ఎండిన వానికి ఒకటవ తరగతి గది మంచి మందు. నేనీ మాట వేడుకకు వ్రాయుట లేదు. క్రిందటి సంవత్సరము నందిగామ నుండి జగ్గయ్యపేటకు పోవుచు, త్రోవలో ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నున్న నా పూర్వశిష్యుని చూడబోయితిని. పలుకరించి పోవుదమనుకొన్నవాడను మధ్యాహ్న భోజనపు గంట కొట్టువరకు అతని తరగతిలోనే కూర్చుండిపోయితిని.

నేను పోవు సరికి హాజరు పిలుచుచున్నాడు. పేరు పిలిచినపుడు ‘ఉన్నాను సార్’ అనుటకు మారుగా, పొద్దున తాను తిన్నదేమో చెప్పుట ఆ తరగతి ఆచారమట. ఇడ్లీ అని ఒకడు, చద్దన్నము అని ఒకతె, టీలో ముంచిన బ్రెడ్డు అని మరియొకడు చెప్పుకొని పోవుచున్నారు. వెనుక వరుసలోని బుడుతడొకడు లేచి, ‘పేస్టు సార్’ అనెను. గది యంతయు గొల్లుమన్నది. ఆ పిల్లవాడును నవ్వెను. నేనును నవ్వితిని. ఉపాధ్యాయుడు మాత్రము నవ్వుచునే వానిని చేరబిలిచి, వంట చేయు అమ్మ వద్దకు పంపి ఏదో తినిపించెను. మిరపకోతలకు తల్లి తెల్లవారకముందే పోవుననియు, ఈ దినములలో సగము మంది పిల్లలు ఖాళీ కడుపుతోనే వత్తురనియు తరువాత నాతో చెప్పెను. ‘ఏమీ తినలేదని వాడు చెప్పడు గురువుగారూ, సిగ్గు. నవ్వులాటగా అయితే చెప్తాడు.’ ముప్పది యేండ్లుగా హాజరు పిలుచుచున్నాను. ఆ పట్టికలో ఇంత యున్నదని నాకు తోచలేదు.

పిమ్మట అక్షరముల ఆట. ‘ప’తో మొదలగు మాటలు చెప్పవలెను. పలక, పత్తి, పార, పాలేరు. తిరునాళ్ళకు పోయి వచ్చిన పిల్ల యొకతె పెనుగంచిప్రోలు అని ఒక్క గుక్కలో చెప్పి చప్పట్లు కొట్టించుకొనెను. ఒకడు ‘ప్లీజు’ అనెను. అది తెలుగు కాదని నలుగురు లేచిరి. ‘మా చెల్లి కూడా అంటుంది, దానికి ఇంగ్లీషు రాదు, అందుకని తెలుగే’ అని వాడు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమున తెలుగును తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని నాలుగుగా విభజించెను. ఆ విభాగమును నేను ఏటేట చెప్పుచున్నాను. నా విద్యార్థులు ఏటేట వ్రాసికొనుచున్నారు. అన్యభాష మాట ఎప్పుడు మనదగును, దానిని మనదని ఎవరు నిర్ణయింతురు అని వారిలో ఒక్కడును ఇంతవరకు నన్నడుగలేదు. ఆరేండ్ల పిల్లవాడు అడిగెను. వాడు అడిగినది జవాబు తప్పిన వానిని వెక్కిరింపని గదిలో గనుక అడిగెను. ఈ వ్యాసము వ్రాయుటకు ఇదియే కారణము.

పూర్వపు బడులలో క్రమశిక్షణ యుండెడిదనియు, ఈ ఆటపాటల వలన చదువు చెడినదనియు మన పెద్దలు కొందరు చెప్పుచుందురు. పూర్వపు బడి ఎట్లుండెడిదో చెప్పు ఒక మంచి సాక్ష్యము కలదు. మద్రాసు గవర్నరు మన్రో 1822లో బడుల స్థితి తెలుపుడని కలెక్టర్లను కోరగా, మరుసటి యేడు బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ వివరముగా బదులు వ్రాసెను. ఆ జిల్లాలో తెలుగు, కన్నడము మొదలగు బడులన్నియు కలిసి 533, పిల్లలు 6,641 మంది. ప్రొద్దుననే మొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి యెక్కువ. మన తాతలు శ్రీ, చుక్క అని చెప్పుకొనెడిది ఇదియే. చిట్టచివర వచ్చినవాడు ఎంత దూరము నుండి నడచి వచ్చెనో అడిగినవారు లేరు. ఆ బడులలో మంచి లేదని నేననను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట అక్కడివే. మద్రాసు చుట్టుపట్ల వీథిబడిలో ఇసుక వ్రాత చూచియే ఆండ్రూ బెల్ తన అనాథశాలలో ప్రవేశపెట్టెను. 1797లో లండనులో పుస్తకము వేసి ఇంగ్లండుకు ఈ పద్ధతి నేర్పెను. పిల్లలకు నవ్వు మాత్రము దసరాకే. విల్లంబులు పట్టి, పప్పుబెల్లములకు ఇల్లిల్లు తిరిగిన ఆ నాలుగు దినములలో ఏడాదికి సరిపడ నవ్వుకొనవలెను.

నా చిన్ననాటికి శ్రీ, చుక్క పోయినవి గాని బరికె పోలేదు. పలకకు దొండాకు, బొగ్గు నూరి పూసికొనుచు ఏదో మాటకు నవ్వినందుకు ఒక మధ్యాహ్నమంతయు గోడకుర్చీ వేసితిని. తొడల నొప్పి రెండు దినములలో పోయినది. తరగతిలో నోరు తెరచుటకు భయము ఎం.ఏ. వరకు పోలేదు. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము (2009) పదునేడవ సెక్షనులో దెబ్బలతోపాటు మానసిక వేధింపును కూడ నిషేధించినది. ఆ రెండవ మాటను ఉపాధ్యాయులు మరియొకమారు చదువవలెనని నా మనవి. బరికెను దాచిన చేతికి నాలుక యింకను మిగిలియున్నది.

ఇక రెండవ ప్రక్క. ఇప్పుడు ఆనందము కూడ ఉత్తరువుల మీద వచ్చుచున్నది. 2025 నుండి మన రాష్ట్రమున శనివారము సంచి లేని దినము. మంచిదే, నేను కాదనను. కాని ఆడిన ఆటకు ఫోటో తీయవలెను, తీసినది పంపవలెను. ‘ఆట రెండు నిమిషాలు, ఫోటో పది నిమిషాలు గురువుగారూ’ అని నా శిష్యుని మాట. ఫోటోకై నవ్వుమన్న పిల్ల నవ్వును చూచినారా? పళ్ళు కనబడును, కన్నులు నవ్వవు. మరియొక బడిలో పిల్లలు అర్థమెరుగని ఆంగ్లగీతమునకు చేతులూపుచుండగా చూచితిని. అదియు ‘ఆటపాట’ క్రిందనే జమ. బరికె క్రింద ఎక్కములు వల్లించుటకు, దీనికి గల భేదము నాకు కనబడలేదు.

గుజరాతు దేశపు గిజుభాయి 1932లో ‘దివాస్వప్న’ వ్రాసెను. నాలుగవ తరగతిలో కథలతో, ఆటలతో మొదలుపెట్టిన ఒక మాస్టరును తోడి ఉపాధ్యాయులే ఎగతాళి చేయుదురు. తొంబది యేండ్లు దాటినను ఆ ఎగతాళి పోలేదు, ఇప్పుడది తలిదండ్రుల నోట వినబడుచున్నది. ‘ఆడుకోవడానికైతే ఇంట్లోనే ఉంచేవాళ్ళం కదయ్యా’ అని ఒక తల్లి నా యెదుటనే అనెను. ఆమెను తప్పుపట్టలేను. రహదారి మీద పసుపుపచ్చ బస్సులలో టైలు కట్టుకొని పోవు పిల్లలను ఆమె ప్రతి దినము చూచుచున్నది. ఆమెకు నా శిష్యుడు వాదము చెప్పలేదు, పిల్లను పిలిచి కూలిచీటీ చదివించెను. పిల్ల చదివి, ‘అమ్మా, నీకు ఒక రోజు తక్కువ రాశారు’ అనెను.

ఆ పూట చివరి పాఠము జగ్గయ్యపేట. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు బేతవోలునకు తండ్రి పేరు పెట్టిన కథ, ఊరి చెంత ధనబోడు దిబ్బపై 1882లో బర్జెస్ త్రవ్వి తీసిన బౌద్ధస్తూపము. మాంధాత చక్రవర్తి చేయెత్తగా ఆకాశమునుండి నాణెములు కురియుచున్న శిల్పము పటమును సెల్‌ఫోనులో చూపెను. ‘ఆ డబ్బులు ఇప్పుడెందుకు పడట్లేదు సార్?’ అని ఒకతె. ‘ఆ రాయి మద్రాసు మ్యూజియంలో ఉందిగా, అక్కడ పడుతుంటాయి’ అని మరియొకడు. మద్రాసు ఎంత దూరము, బస్సు కెంత, రాయి అంత దూరమెందుకు పోయినది అని ప్రశ్నలు తేనెటీగలవలె లేచినవి. అన్నిటికి జవాబు తనకు తెలియదని అతడు ఒప్పుకొని, రేపటికి తెలిసికొని వత్తుననెను.

ఇంతలో గంట కొట్టిరి. నేను సెలవు తీసికొని గడప దాటుచుండగా, పొద్దుటి పిల్లవాడు మూతి తుడుచుకొనుచు వంటశాల నుండి పరుగెత్తుకొని వచ్చి ఉపాధ్యాయుని చొక్కా పట్టి లాగెను.

‘సార్, పేస్టు కొట్టేసి గుడ్డని రాసుకోండి.’