పత్తికొండ పెరట్లో ప్రజ్వల్

రేకుల మీద గడ్డంలా నూగు ఉండే ఐరిస్ పూల ఫొటో చూస్తే ఎవరికైనా మనసవుతుంది. డబ్బు పెట్టి ఆ దుంపలు తెప్పించుకునే ముందు ఒక్క మాట. దానికి గట్టి చలికాలం కావాలి. పత్తికొండ, ఆదోని ఎండలకు బతికినా పూయడం కష్టం. పొడవాటి పూలకాడే కావాలంటే మన లిల్లీని, అదే నేలసంపెంగను నాటండి. మెక్సికో నుంచి వచ్చినదే అయినా ఎండకు జంకదు. మన చేల గట్ల మీది కిత్తనారకు దగ్గరి చుట్టం మరి!

రకాల్లో నా ఓటు ప్రజ్వల్‌కే. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, మెక్సికన్ సింగిల్ రకాలను కలిపి దీన్ని రూపొందించింది. మొగ్గ మీద లేత గులాబీ ఛాయ, విచ్చితే తెలుపు. ముద్దపూల రకాలు కంటికి నిండుగా ఉంటాయి గానీ, వాసనలో ఒంటిరెక్క పూల ముందు తీసికట్టే.

మన దగ్గర అసలు చిక్కు నల్లరేగడి పెరళ్లలోనే. వాననీరు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది. అందుకని అడుగు ఎత్తున మడి కట్టి, ఎర్రమన్ను, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. జూన్, జులైల్లో 2-3 సెంటీమీటర్ల లావున్న దుంపలను రెండంగుళాల లోతున, జానెడు ఎడంతో పెట్టండి. మొలకలొచ్చేదాకా నీళ్లు పొదుపుగా పోయాలి. మూడు నాలుగు నెలలకు కాడ వేస్తుంది.

మూడేళ్లకు దుంపలు ఒరుసుకుపోయి పూలు చిన్నబోతాయి. ఆకులు పండుబారాక నీళ్లు మానేసి, తవ్వి తీసి, నెల రోజులు నీడన ఆరబెట్టి మళ్లీ నాటండి. పిల్లదుంపలు పక్కింటివారికి ఇవ్వండి, మొదటి ఏడాది పూయకపోవచ్చని ముందే చెప్పి.