బైకు బ్రేకును 15 ఏళ్లదాకా చూసేవారే లేరా?



నిరుడు వానాకాలంలో మా తమ్ముడు తెల్లవారుజామున పాల క్యాన్లతో మిట్ట దిగుతుంటే బండి ఆగలేదు. కల్వర్టు గోడకు గుద్దుకుని కాలు విరిగింది. మెకానిక్ చక్రం విప్పి చూస్తే బ్రేకు షూ పూర్తిగా అరిగిపోయి ఉంది. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయి.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బైకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. రెన్యువల్ కోసం బండిని అధికారికి చూపించాల్సింది ఆ తర్వాతే. అదే రోడ్డు మీద తిరిగే ఆటోకు ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) చేయించాలి. పొల్యూషన్ పరీక్షలో పొగను చూస్తారే గానీ బ్రేకు నొక్కి చూడరు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లను కలిపే 42వ జాతీయ రహదారి పక్కన ఒక పూట నిలబడితే విషయం అర్థమవుతుంది. టమాటా బాక్సులు, పాల క్యాన్లు, పశువుల మేత, మల్బరీ ఆకు మూటలు బైకులు, టీవీఎస్ ఎక్సెల్‌ల మీదే వెళ్తుంటాయి. కొన్నిటికి వెనక లైటు కూడా వెలగదు. ఇంత బరువు మోసే బండిని సొంత బండి అన్న పేరుతో 15 ఏళ్లు వదిలేయడం తప్పు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారే. అన్నిటికీ బండి లోపమే కారణమని నేను అనను. కానీ ముందే చూసి సరిచేయగల లోపానికి ఒక్క ప్రాణం పోయినా అది మన నిర్లక్ష్యమే. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన బైకుకు ఏటా పరీక్ష తప్పనిసరి.

ఇక్కడా అలాంటి పరీక్ష పెడితే పేదవాడికి మరో ఖర్చు, బ్రోకర్లకు మరో ఆదాయం అన్న భయం న్యాయమైనదే. అందుకే పరీక్ష ఉచితంగా ఉండాలి. ఐదేళ్లు దాటిన బండికి రెండేళ్లకోసారి బ్రేకులు, టైర్లు, లైట్లు, చైను చూస్తే చాలు. జనాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పకుండా సంతల్లో, మార్కెట్ యార్డుల్లో శిబిరాలు పెట్టాలి. లోపం కనిపిస్తే బాగుచేయించుకోవడానికి నెల గడువివ్వాలి. అప్పటికీ పట్టించుకోకపోతేనే జరిమానా వేయాలి.

చట్టాన్ని కేంద్రం మార్చాలి. అంతవరకు ఆగకుండా రాష్ట్ర రవాణా శాఖ మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో శిబిరాలు మొదలుపెట్టవచ్చు. బ్రేకు షూ ఖరీదు కొన్ని వందలే. అది అరిగిందని ముందుగా చెప్పేవాళ్లు లేక మా తమ్ముడు మూడు నెలలు మంచం మీద ఉన్నాడు.

ఇట్లు,
ఒక పాల రైతు,
పుంగనూరు మండలం