ఏ ఎత్తు నుంచి చూస్తున్నాం?

సెల్‌ఫోన్ యాప్‌లకు రూపకల్పన చేసే ఒక యువతి ఈమధ్య నాకు తన పని తీరు వివరించింది. ఆ వృత్తిని యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అంటారట. ముందు వాడేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు పనెలా చేసుకుంటున్నారో గమనించాలి. ఇబ్బంది ఎక్కడుందో తేల్చుకుని కాగితం మీద నమూనా గీయాలి. వాళ్లచేతే వాడించి, తప్పులు దిద్ది, మళ్లీ చూపించాలి. వింటూంటే నాకు జహీరాబాద్ గుర్తొచ్చింది.

అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, బడి మొహం చూడనివాళ్లు, 1990ల రెండో సగంలో వీడియో కెమెరా నేర్చుకున్నారు. కెమెరా కోణాలకు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కింద కూచుని తలెత్తి చూస్తే బానిస షాట్. ఎదురెదురుగా, కంటికి కన్ను సమానంగా చూస్తే సంఘం షాట్. అధికారం గురించి నేను చదివిన సిద్ధాంత గ్రంథాల సారమంతా ఈ మూడు మాటల్లో ఉంది.

ధాన్యం విషయంలోనూ అంతే. పడావు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్ని ఊళ్లోనే నిలవచేసి పంచుకునే పద్ధతిని ఆ సంఘాలు నడిపాయి. పేదలెవరన్నది ఆఫీసు కాగితాల్లో తేల్చలేదు. ఊరి పటం నేలమీద గీసి, అందరి ఎదుట, తమ కొలమానాలతో తేల్చుకున్నారు.

ఇక ఇవాళ్టి సంగతి చూద్దాం. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెట్టాలి. నాట్లు వేసీ కలుపు తీసీ అరిగిన వేళ్ల గీతల్ని చాలాసార్లు ఆ మిషన్ గుర్తించదు. పథకానికి ఫోన్ నెంబరు కావాలంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. యంత్రాన్ని తయారుచేసినవాళ్ల ఊహలోని 'వాడకందారు'కు నున్నటి వేళ్లు, సొంత ఫోను ఉన్నాయి. ఆమె కూలికి పోదు. ఇది కూడా పటేల్ షాటే.

తప్పు వాళ్లదే అనడానికి నాకు నోరు రాదు. పరిశోధన రోజుల్లో నేనూ పొడుగాటి ప్రశ్నపత్రం పట్టుకుని ఊళ్లకు పోయినదాన్నే. ఒక ముసలమ్మ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పి, చివర్న, "ఇన్ని అడిగితివి బిడ్డా, మేం అడగాల్సింది ఎప్పుడు అడగాలె?" అంది. నా పత్రంలో దానికి గడి లేదు.

ఆ యువతి పద్ధతి మంచిదే, మనమూ నేర్చుకోవాలి. కానీ వినడంతో పని అయిపోదు. విన్నాక నిర్ణయం ఎవరిది? "ఇది మాకొద్దు" అనే హక్కు ఆ స్త్రీకి ఉందా? జహీరాబాద్ స్త్రీలు సలహాలు చెప్పి ఊరుకోలేదు, కెమెరా చేతిలోకి తీసుకున్నారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో పెట్టుకుని తామే నడిపారు.

మన సంస్థల్లోనూ సర్వే ఫారాలు, ఫిర్యాదు పత్రాలు, యాప్‌లు తయారవుతూనే ఉన్నాయి. తర్వాతిది తయారుచేసేముందు దాన్ని వాడాల్సిన స్త్రీలను పిలిచి, పక్కన కూచుని, కొట్టివేసే పెన్ను వాళ్ల చేతికిద్దాం.