మూడు తెరల ఆటకు ఏ కార్డు?

మానవుడు యంత్రాన్ని సృష్టించుకొన్నది తన శ్రమను తగ్గించుకొనుటకు, తన ఆనందాన్ని పెంచుకొనుటకు. కాని యంత్రాన్ని ఎంచుకొనుటలో వివేకం లోపించినప్పుడు శ్రమ తండ్రిది, లాభం వర్తకునిది అవుతున్నది. నేటి విద్యార్థులలో పలువురికి ప్రీతిపాత్రమైన గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఈ మాట ఎంతైనా వర్తిస్తుంది.

తెలుగు బోధించే అధ్యాపకునికి గ్రాఫిక్స్ కార్డుతో పనేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. మా గోపన్‌పల్లిలో నివసించేవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. ఒకవైపు 1974లో స్థాపితమైన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మరొకవైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలు, నడుమ మా ఇరుకు వీధులు. ఈ కార్డుల చిప్పులను రూపొందించే ఎన్‌విడియా, ఎ.ఎం.డి. సంస్థలు రెండింటికీ ఈ నగరంలోనే ఇంజనీరింగ్ కార్యాలయాలున్నవి. కంపెనీలు మార్చివేసిన పాత మానిటర్లు సెకండ్ హ్యాండ్‌లో చవకగా లభిస్తున్నందున సామాన్య కుటుంబాల పిల్లలు సైతం రెండు మూడు తెరలు సమకూర్చుకొంటున్నారు.

గత వేసవిలో ఒకనాటి సాయంకాలం మా వీధిలోనే ఉండే విద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చినాడు.

"సార్, మూడు మానిటర్లు దొరికినయి. మూడింటి మీద విమానం ఆట ఆడాలని ఉంది. పెద్ద కార్డు కొనాలె. అబ్బా చీటీ ఎత్తిండు. ఏది కొనమంటరు?"

"చీటీ దేనికోసం ఎత్తినారు, బాబూ?" అని అడిగినాను.

అతడు క్షణకాలం తల వంచుకొని, "చెల్లె కాలేజీ ఫీజుకు, సార్. మిగిలితే నాకు" అన్నాడు.

ఆ జవాబు విన్న తరువాత ఈ విషయం నాకు కేవలం ఆటగా కనిపించలేదు. తెలిసిన మిత్రులను అడిగి, చదివి, నేను గ్రహించినది ఇక్కడ మనవి చేస్తున్నాను.

అన్నింటికన్న ముందు తెలుసుకోవలసిన భేదం ఒకటి ఉన్నది. మూడు తెరలను కంప్యూటర్‌కు కలపడం వేరు, మూడు తెరలపై ఒకే ఆటను పరచి ఆడడం వేరు. నడిమి తెరపై ఆట ఆడుతూ, పక్క తెరపై పటమో పాఠమో తెరిచి ఉంచుకొనుటకు ఖరీదైన కార్డు అక్కరలేదు; తగినన్ని అవుట్‌పుట్లు ఉంటే సాధారణమైన కార్డు చాలును. ఈ భేదం తెలియక అధికంగా ధనం వెచ్చించేవారు కొందరు కాదు.

రెండవది లెక్క. ఫుల్ హెచ్.డి. తెరపై 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ వరుసలు కలిసి 20,73,600 చుక్కలు ఉంటవి. వీటినే పిక్సెల్స్ అంటారు. మూడు తెరలపై ఆట పరచినప్పుడు కార్డు ప్రతి చిత్రంలోను 62,20,800 చుక్కలు గీయవలసి ఉన్నది. అందరూ గొప్పగా చెప్పుకొనే 4కె తెరలో ఉన్నవి 82,94,400. అనగా మూడు ఫుల్ హెచ్.డి. తెరల బరువు ఒక 4కె తెరలో సరిగా ముప్పాతిక. అదే 2560×1440 తెరలు మూడైతే బరువు 4కె కన్న మూడవ వంతు అధికమవుతుంది. కాబట్టి "నాకు మూడు తెరలున్నవి" అనుట చాలదు. ఏ తెరలో చెప్పవలెను. ఈ గుణకారం చేయకుండా దుకాణం మెట్లెక్కరాదని నా అభిప్రాయం.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 2002లో మాట్రాక్స్ సంస్థ పర్హీలియా అనే కార్డుతో మూడు తెరల ఆటను ప్రచారంలోనికి తెచ్చినది. 2009లో ఎ.ఎం.డి. ఐఫినిటీ అనే పేరుతో ఒకే కార్డుకు మూడు, ఆపైన తెరలు కలిపి ఆడే సౌకర్యం కల్పించినది. ఎన్‌విడియావారి సరౌండ్ పద్ధతికి మొదట సాధారణంగా రెండు కార్డులు జతచేయవలసి వచ్చేది, 2012లో జి.టి.ఎక్స్. 680 నాటికి ఒక్క కార్డే చాలినది. నేడు ఆ సౌకర్యం మధ్యతరగతి కార్డులలోను ఉన్నది. ఇక సమస్య శక్తిది.

కార్డు కొనేవారు దాని పేరు చూచి మురిసిపోరాదు. 2025లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 5060 టి.ఐ., ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి. అనే రెండు కార్డులనే తీసుకొందాము. రెండూ 8 జి.బి., 16 జి.బి. అనే రెండేసి రకాలుగా వచ్చినవి. పేరు ఒకటే, మెమరీ వేరు. ఒక తెరపై ఆటకు 8 జి.బి. సరిపోవచ్చును గాని, మూడు తెరలకు పెద్ద మెమరీయే మేలు. మెమరీ నిండిన తరువాత కార్డు ఎంత వేగం కలదైనను ఆట కుంటుతుంది.

అవుట్‌పుట్లు లెక్కించవలెను. పాత మానిటర్లకు ఏ సాకెట్లున్నవో చూచి కేబుళ్ళు, కన్వర్టర్ల ఖర్చు కూడా కలుపుకోవలెను. మూడు తెరల కొలత, రిఫ్రెష్ రేటు ఒకటిగా ఉంటే చిక్కులు తక్కువ. ఎస్.ఎం.పి.ఎస్. ఎన్ని వాట్లదో, కొత్త కార్డుకు అది చాలునో లేదో చూడవలెను. గోపన్‌పల్లిలో నిత్యం సాగే కట్టడాల దుమ్ము, మన మే నెల ఎండ కార్డు ఫ్యాన్లకు శత్రువులు. గాలి ఆడని క్యాబినెట్‌లో ఖరీదైన కార్డు పెట్టుట కిటికీ లేని గదిలో అతిథిని ఉంచుట వంటిది.

ఏ ఆట అన్న ప్రశ్న కూడా ముఖ్యమే. విమానం నడిపే ఆటలలోను, కారు పందెములలోను పక్క తెరలు కిటికీల వలె పనిచేసి నిజమైన అనుభూతినిస్తవి. అన్ని ఆటలు అట్లు కాదు. కొన్నింటిలో పక్క తెరలపై బొమ్మ సాగిపోతుంది. కొన్ని పోటీ ఆటలు అంత వెడల్పును అనుమతించవు. అట్టి ఆటలు ఆడేవారు మూడు తెరలకై కార్డు కొనుట వ్యర్థము.

కొనకముందే పరీక్షించే ఉపాయం ఒకటున్నది. ఎన్‌విడియా డ్రైవర్‌లో డి.ఎస్.ఆర్. అనే అమరికలో "మూడు రెట్లు" ఎంచుకొంటే, ఒక ఫుల్ హెచ్.డి. తెరపైనే కార్డు మూడు తెరలకు సరిపడు చుక్కలు గీస్తుంది. ఉన్న కార్డుతో ఆట ఎట్లు సాగునో అప్పుడు కంటితో చూడవచ్చును. మిత్రుని ఇంట మరొక కార్డును కూడా ఇట్లే పరీక్షించవచ్చును. పైసా ఖర్చు లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సి.టి.సి.లో సెకండ్ హ్యాండ్ కార్డులు కొనేవారికి ఒక హెచ్చరిక. 2022 సెప్టెంబరులో ఎథీరియమ్ తన పద్ధతి మార్చుకొనుటతో, రేయింబవళ్ళు మైనింగ్‌లో తిరిగిన కార్డులెన్నో అంగళ్ళకు చేరినవి. అట్టివన్నియు చెడిపోయినవని కాదు. అయినను అరగంటసేపు ఆట నడిపించి చూడక, బిల్లు, వారంటీ అడగక కొనరాదు.

మా విద్యార్థి కార్డు 4 జి.బి. జి.టి.ఎక్స్. 1650. దానిపై "మూడు రెట్లు" పెట్టి చూచినాము. విమానం గాలిలో నిలిచిపోయినట్లే తోచినది. "అయితే పెద్దదే కొనాలె గదా, సార్" అన్నాడు. "కొనవలసినది నిజమే. పెద్దది కాదు, సరిపడునది. నేడు కాదు, నీవు కూడబెట్టిన నాడు" అన్నాను. అతని ముఖం చిన్నబోయినది. కాని వారం గడవకముందే చెల్లెలి ఫీజు కట్టిన రసీదు తెచ్చి చూపినాడు. ఇప్పుడు నడిమి తెరపై విమానం నడుపుతూ, పక్క తెరపై పటం, మూడవ తెరపై పాఠం తెరిచి ఉంచుకొంటున్నాడు. 16 జి.బి. మధ్యతరగతి కార్డు కొరకు ట్యూషన్లు చెప్పి సొమ్ము దాచుకొంటున్నాడు.

ఇక కమిటీ పెద్దలకు ఒక మనవి. మన పత్రిక ఉర్దూ పుటలు, తెలుగు పుటలు ఒకే తెరపై మార్చి మార్చి కూర్చుటలో ఎంత కాలం వృథా అగుచున్నదో కూర్చినవారికే తెలుసు. రెండు తెరలకు పెద్ద కార్డు కావలెనని ఒక వర్తకుడు చెప్పినందున ఆ ప్రతిపాదన మూలపడినది. మదర్‌బోర్డుకు, ప్రాసెసర్‌కు ఆ సౌకర్యం ఉంటే, వేరు కార్డు లేకనే రెండు తెరలు పనిచేస్తవి. ఆ సొమ్ముతో మానిటర్లే కొనవచ్చును. వాటినే విద్యార్థులు సెలవు వేళల తమ కార్డు పరీక్షించుకొనుటకు అనుమతిస్తే, ఎన్నో ఇళ్ళలో చీటీ సొమ్ము నిలుస్తుంది.

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకొనుమని తెలుగువారు అంటారు. ఉర్దూలో ఆ మాటనే చాదర్ చూచి కాళ్ళు చాపమంటారు. మంచమైనా చాదరైనా కొలిచి చూచుకోవలసినది మనమే. విద్యార్థులారా, ఆడండి, ఆనందించండి; కాని ముందు కొలవండి.