హాకీ వేలము - మన మన్యము

2024 అక్టోబరు 13వ తేది మొదలు మూడు దినములు ఢిల్లీలో హాకీ ఆటగాండ్ర వేలము జరిగినది. మనుష్యులను వేలము వేయుట యను మాట చెవికి కటువుగానే యున్నది. కాని ఆడినందుకు కూలి పుచ్చుకొనువాడు కొలువు చేయువానికంటె నే విధమునను తక్కువవాడు కాడు గనుక, ఆ మాటను పట్టుకొని కూర్చుండుట మా యభిమతము కాదు. విచారింపదగినది వేరొకటి కలదు.

ఈ హాకీ ఇండియా లీగునందు పురుషుల జట్టు ఒక్కొక్కటియు ఆటగాండ్ర వేతనములకై 4 కోట్ల రూపాయలకు మించి వెచ్చింపరాదని కట్టడి చేసిరి. ఆ సొమ్ముతో 24 గురిని కూర్చుకొనవలెను. అందు 16 గురు భారతీయులు. వారిలో నలుగురు జూనియర్లు. తక్కిన 8 గురు విదేశీయులు. సగటున తలకు 17 లక్షలైనను రావు. యజమాని యెంతటి కోటీశ్వరుడైనను ఇదియే హద్దు. అమెరికా, కెనడా దేశముల మంచు హాకీ లీగునందు ఇట్టి వేతన పరిమితి 2005లో వచ్చినది. అంతకు ముందటి యేడు యజమానులకును ఆటగాండ్రకును పుట్టిన తగవు వలన ఆట లన్నియు నిలిచిపోయినవి. ధనవంతుని జట్టు ధనముచేతనే గెలువరాదనుట ఈ కట్టడి ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. (స్త్రీల జట్టునకు 2 కోట్లు మాత్రమే యిచ్చుట ఏ న్యాయమో మాకు తెలియదు. ఆ తొలి యేట తెలుగు నగరము పేరిట స్త్రీల జట్టు ఒక్కటియు లేకపోవుట మరియు విచారకరము.)

హద్దు గల చోటనే వివేకము బయటపడును. హైదరాబాదు తూఫాన్స్ వారు గోంజాలో పెయ్యాట్ అనువానిని 68 లక్షలకు కొనిరి. ఇతడు 2016 ఒలింపిక్సులో అర్జెంటీనాకును, 2023 ప్రపంచ కప్పులో జర్మనీకిని విజయము చేకూర్చిన పెనాల్టీ కార్నరు నిపుణుడు. మొత్తము సొమ్ములో ఇది ఆఱవ వంతు. అరుదైన విద్యకు ఆఱవ వంతు ఇచ్చుట అపవ్యయ మనజాలము. ఆ జట్టు 2025 ఫిబ్రవరి 1న తుది పోటీ వరకు వచ్చి, బెంగాలు జట్టుచేత 4-3 గోలులతో ఓడినది.

ఇట్టి పరిమితియే గల కబడ్డీ లీగులో మన తెలుగు టైటన్సు వారు చేసిన పని చూడుడు. 2023 వేలములో తమకు గల 5 కోట్లలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పవన్ సెహ్రావత్ ఒక్కనికే పోసిరి. సగమునకు మించినది! అతడు గొప్ప ఆటగాడే, సందేహము లేదు. అయినను ఆ జట్టు 22 ఆటలలో రెండే గెలిచి, 12 జట్టులలో కడపటిదైనది. అంతకు ముందటి యేడు తమిళ తలైవాస్ వారు అతనినే 2 కోట్ల 26 లక్షలకు కొనగా, తొలి యాటలోనే గాయపడి అతడు తప్పుకొనెను. అయినను లేతవయసు పిల్లలే ఆ జట్టును మొదటిసారి సెమీఫైనలు చేర్చిరి. టైటన్సు వారును 2025లో అతడు లేకయే తుది పోటీకి ఒక్క మెట్టు దిగువ వరకు వచ్చిరి.

పేరుగలవాడు లేనిచో జనులు రారని కొందఱందురు. నిజమే, ఒకడు కావలెను. కాని పరిమితి గల జట్టునకు ప్రాణము ఆ ఒక్కడు కాదు. తక్కువ వెలకు దొరకి, ఎక్కువ ఆడగల పడుచువాడు. వాడెక్కడ పుట్టును?

ఒరిస్సాలోని సుందర్‌గఢ్ జిల్లా దీనికి ప్రత్యుత్తరము. మూడు ఒలింపిక్సులు ఆడిన దిలీప్ తిర్కీది అచ్చటి సౌనమారా యను పల్లె. వేలములో 48 లక్షలు పలికిన అమిత్ రోహిదాస్‌ది కూడ ఆ పల్లెయే. ఆ ప్రాంతమున వెదురు కఱ్ఱతో ఆడుట నేర్చిన బాలురకు గ్రామ పోటీలలో బహుమానము మేక. పైకి వచ్చినవారికి పాన్‌పోష్ క్రీడావసతి గృహము. 1928లో ఆంస్టర్‌డాములో మన జట్టునకు నాయకుడైన జయపాల్ సింగు, పొరుగుననే యున్న రాంచీ ప్రాంతపు ముండా జాతివాడు. ఆ లీగు తుది పోటీ జరిగినదియు సుందర్‌గఢ్ జిల్లాలోని రూర్కెలాలోనే. హైదరాబాదు పేరు పెట్టుకొన్న జట్టు ఆ యేడు హైదరాబాదులో ఒక్క ఆటయైనను ఆడలేదు!

మనకు అడవి లేదా? ఖమ్మము దాటి పాల్వంచ మొదలు భద్రాచలము, దుమ్ముగూడెము, చర్లవరకు ఉన్నదంతయు కోయల సీమయే. 2014లో చింతూరు, కూనవరము మొదలగునవి ఆంధ్రప్రదేశమున చేరినవి గనుక ఈ మన్యమునకు నేడు రెండు ప్రభుత్వములు బాధ్యులు. 2024-25 పోటీలలో హైదరాబాదు పేరిట నొకటి, విశాఖ పేరిట గోనాసిక యని యొకటి, రెండు జట్టులుండెను. వీరి సొమ్ము తిరిగినంత దూరము ఢిల్లీ, అర్జెంటీనా, జర్మనీ; భద్రాచలము మాత్రము వారి పటములో లేదు. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన రజని భారత జట్టునకు గోలు కాచినది. హైదరాబాదు ముకేశ్ కుమారు మూడు ఒలింపిక్సులు ఆడెను. తెలుగువారికి ఈ ఆట అచ్చిరాదనుట వట్టిమాట.

జట్టు యజమానులకొక సంగతి జ్ఞాపకము చేయుదుము. 4 కోట్ల హద్దు వేలములో కొన్న ఆటగాండ్ర వేతనములకే. పిల్లలకు ఆట నేర్పుటకు హద్దేమియు లేదు. సొమ్ము గలవాడు తన సొమ్మును చట్టసమ్మతముగా చూపదగిన చోటు ఇదియే. కిన్నెరసాని యొద్ద గిరిజన విద్యార్థుల క్రీడాపాఠశాల యున్నది. అచ్చట నిలుకడగా నుండు హాకీ శిక్షకుని జీతము, రెండు వందల కఱ్ఱలు, చర్లలోను చింతూరులోను ఏటేట నొక పోటీ: ఇంతమాత్రమునకు పెయ్యాట్‌కు ఇచ్చిన దానిలో స్వల్పభాగము చాలును. కృత్రిమ పచ్చిక పిమ్మట చూచుకొనవచ్చును. భద్రాచలము గిరిజనాభివృద్ధి సంస్థ వారు స్థలము చూపి, యజమానులకు లేఖ వ్రాయవలెను. గెలిచినవారికి మేకను మేమే యిప్పింతుము.