తడి కట్టెల మాట

మా అమ్మాయి న్యాయశాస్త్రం చదువుతానని ఎల్‌శాట్ పరీక్షకు సిద్ధమవుతోంది. ఆ పరీక్షలో ఎంతోకాలంగా ఉన్న చిక్కుముడుల విభాగాన్ని 2024 ఆగస్టు నుంచి తీసివేసి, దాని స్థానంలో తర్కానికే రెండో విభాగం చేర్చారు. మార్కులు లెక్కించే మూడు విభాగాల్లో ఇప్పుడు రెండు వాదాల బలాబలాలను తేల్చేవే. ఆమె సందేహాలు తీర్చబోయి నేనూ ఆ అభ్యాస పుస్తకం తెరిచాను. మూడు వారాలైనా పక్కన పెట్టలేకపోయాను.

నన్ను ఆపినవి, వాదంలో చెప్పకుండా వదిలేసిన ఊహను పట్టుకోమనే ప్రశ్నలు. ఆ ధోరణిలో నేనే ఒకటి కల్పించి చెబుతాను. "మా ఊరి గ్రంథాలయానికి వచ్చేవారు నిరుటికి సగమయ్యారు. కనుక ఊళ్లో చదివే అలవాటు తగ్గింది." ఇక్కడ రావడం మానేసినవాళ్లు మరోచోట అంతే చదవడం లేదన్నది చెప్పని ఊహ. దాన్ని తిరగవేసి చూడండి: వాళ్లంతా ఫోన్లలో అంతకు తగ్గకుండా చదువుతున్నారు అనుకుంటే వాదం కూలిపోతుంది. అదే "గ్రంథాలయాలు సమాజానికి మేలు చేస్తాయి" అన్న మాటను తిరగవేసినా వాదానికి ఏమీ కాదు. కనుక అది వాదికి ఇష్టమైన మాట అయితే కావచ్చు, వాదానికి అవసరమైన ఊహ కాదు. ఇంత చిన్న పరీక్షతో ఇంత తేడా తెలియడం నాకు నిజంగా ముచ్చటగా అనిపించింది.

మన దేశంలో బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లోనూ ఈ ప్రశ్నలున్నాయి. మా తమ్ముడు వాటికి చదివిన రోజులు గుర్తున్నాయి. "అన్నీ", "మాత్రమే" వంటి పదాలుంటే ఆ ఊహ తప్పని గుర్తు పెట్టుకొమ్మని వాడికి శిక్షణలో చెప్పేవారట. అది తర్కం కాదు, జవాబుల పట్టికను పసిగట్టే విద్య. ఆ గుర్తులు కంఠస్థం చేసినవాడికి మార్కులు వస్తాయి, ఊహ మాత్రం చిక్కదు.

అయితే ఎల్‌శాట్ పద్ధతిలోనూ ఒక లోటుంది. అక్కడ ఊహలను ఐదో నాలుగో వరుసగా మన ముందు పేర్చి ఒకటి ఎంచుకోమంటారు. జీవితంలో ఆ వరుస ఎవరూ ఇవ్వరు. ఇది నేను వైద్యవృత్తిలో తెలుసుకున్నాను, ఒక రోగి పడిన బాధ వల్ల.

కొడుకు దగ్గరికి సెలవులకు వచ్చిన పెద్దాయన, మన తెలుగువారే, కడుపునొప్పితో నా దగ్గరికి వచ్చారు. మలబద్ధకం, రక్తహీనత ఉన్నాయి. "మందులేమైనా వాడుతున్నారా బాబాయిగారూ?" అన్నాను. "ఏమీ లేవు బాబూ" అన్నారు. నేను ఐనపు మాత్రలు రాసి పంపాను. మూడు వారాలకు నొప్పి ఎక్కువై మళ్లీ వచ్చినప్పుడు కోడలు సంచిలోంచి చిన్న పొట్లం తీసింది. చక్కెర వ్యాధికి ఊరి వైద్యుడిచ్చిన నాగభస్మం. పేరులోనే ఉంది, అది సీసంతో చేసే భస్మం. రక్తంలో సీసం విపరీతంగా తేలింది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో మందు అంటే డాక్టరు రాసే మాత్ర, పొట్లంలోది పథ్యంలో భాగం. "మందు అన్న మాటకు ఇద్దరికీ ఒకే అర్థం" అన్నది నా ఊహ. అది ఏ వరుసలోనూ రాసి లేదు గనుక నేను దాన్ని తిరగవేసి చూడలేదు.

మా ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని ఆ రోజుల్లోనే మళ్లీ తీశాను. బాలురకు సులువుగా తెలియడానికని రాసిన చిన్న పుస్తకమది. కొండ మీద పొగ ఉంది కనుక నిప్పుందన్న అనుమానం అందరికీ తెలిసినదే. దాన్ని ఐదు అవయవాలుగా చెప్పమంటారు, మూడో అవయవం ఉదాహరణ: పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో మాదిరి. మనం దాచేసే ఊహను నోరారా పలకమనడమే దాని పని. నన్ను అంతకంటే ఎక్కువ కదిలించింది ఉపాధి ప్రకరణం. వాదాన్ని తిప్పి, నిప్పుంది కనుక పొగ ఉందంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టెలు తగలాలి. వాది నోట రాని ఆ తడి కట్టెలే ఉపాధి. దాన్ని వెతకడానికి ముందు సాధ్యం ఉన్న చోట్లన్నీ తిరగాలి, హేతువు ఉండీ ఆ ఉపాధి లేని చోటు ఒక్కటైనా పట్టుకోవాలి. ఇదీ నాకు కావలసినది: ఎంపికలు లేకుండా వెతికే క్రమం. ఇంత పదునైన పుస్తకాన్ని సంస్కృత పాఠశాలలకే వదిలేసి, మన పిల్లలకు గైడు పుస్తకాలు కొనిపెడుతున్నాం.

మా అమ్మాయికి ఇదంతా చెబితే విన్నది. "నాన్నా, ఒక విభాగానికి ముప్పై ఐదు నిమిషాలే. తడి కట్టెల కోసం కొండెక్కే సమయం నాకు లేదు" అంది. పరీక్ష వరకు ఆ మాట నిజమే. నేను మాత్రం ఇప్పుడు రోగిని మందుల సంగతి అడగను, లేహ్యాలు, పొడులు, భస్మాలు, తాయెత్తులో కట్టిన వేళ్లు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగుతున్నాను. రోగికి అయిదు నిమిషాలు ఎక్కువ పడుతోందని మా మేనేజరు విసుక్కుంటున్నాడు.