పాయింట్ల పట్టికకు అందని పట్టు

తుంగతుర్తి: సంక్రాంతి వచ్చిందంటే పల్లెల్లో కబడ్డీ కోర్టులకు సున్నపు గీతలు పడతాయి. పోటీలు ముగిశాక అందరి నోటా వినిపించేది ఎక్కువ పాయింట్లు తెచ్చిన రైడర్ పేరే. జిల్లా జట్ల ఎంపికకూ అదే కొలమానమైతే నష్టం చిన్నది కాదు. క్రీడా కోటాలో సీటుకైనా, ఉద్యోగానికైనా ధ్రువపత్రం కావాలి. జట్టులో చోటు దక్కని కుర్రాడికి అది రాదు.

పాయింట్ల మోజుకు తెలుగు టైటాన్స్ అనుభవమే హెచ్చరిక. 2023 వేలంలో ఆ జట్టు పవన్ సెహ్రావత్‌ను రూ.2.60 కోట్లకు పైగా వెచ్చించి తీసుకుంది. ప్రొ కబడ్డీ లీగ్‌లో అప్పటికి అదే రికార్డు ధర. 2023-24 సీజన్‌లో ఆయన కూతల్లోనే 200కు పైగా పాయింట్లు తెచ్చారు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. తప్పు సెహ్రావత్‌ది కాదు. తెచ్చిన పాయింట్లను కాపాడే రక్షణ వెనుక కొరవడింది.

పాయింట్లన్నీ ఒక్కటి కావు. బోనస్ గీత దాటి తెచ్చిన పాయింటుతో అవుటైన సహచరుడు తిరిగి రాడు. ప్రత్యర్థిని తాకి వస్తే అవతల ఒకరు బయటకు పోతారు, ఇవతల ఒకరు లోపలికి వస్తారు. వరుసగా రెండు ఖాళీ కూతల తర్వాత మూడోదానిలో పాయింటు తేకుంటే వెళ్లినవాడే అవుట్. ఆ ఒత్తిడిలో తెచ్చిన పాయింటుకూ పట్టికలో విలువ ఒకటే.

పట్టులో అన్యాయం ఇంకా ఎక్కువ. కార్నర్ ఆటగాడు చీలమండ అందుకున్నా, పక్కవారు వచ్చి మీద పడకపోతే రైడర్ మధ్య గీతను చేరుకుంటాడు. పాయింటు మాత్రం సాధారణంగా ఒకరి ఖాతాలోకే వెళ్తుంది. స్థానం వీడకుండా దారి మూసి రైడర్‌ను ఉత్తచేతులతో పంపినవాడికి అదీ దక్కదు.

బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే వాదం నడిచింది. 2016-17 ఎన్‌బీఏ సీజన్‌లో రస్సెల్ వెస్ట్‌బ్రూక్ మ్యాచ్‌కు సగటున 10.7 రీబౌండ్లు అందుకున్నారు. బుట్ట కింద ప్రత్యర్థులను ఒంటితో అడ్డుకుని ఆయనకు దారి చేసిన సహచరుడు స్టీవెన్ ఆడమ్స్ సగటు 7.7 మాత్రమే. తర్వాత ఆ లీగ్ అడ్డుకోవడాన్నీ లెక్కించడం మొదలుపెట్టింది.

అంతటి సాంకేతికత మనకు అక్కరలేదు. 2021లో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు ఆతిథ్యమిచ్చిన సూర్యాపేట జిల్లాలో ఆట తెలిసిన పెద్దలకు కొదవ లేదు. స్కోరరు పక్కన అలాంటివారొకరు కూర్చుని ఖాళీ కూతలు, మూడో కూత ఫలితం, పట్టులో సాయపడినవారి పేర్లు రాసుకుంటే చాలు. ఎంపిక రోజున ఆ కాగితమూ బల్లపై ఉండాలి.